చెరువుకు ఏం మోసుకెళ్తున్నాం?

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ వైపు పోతుంటే అన్నోజిగూడ వస్తుంది. వినాయక చవితి అయిన వారం పది రోజులకు ఈ దారి నిండా ట్రాలీలు, డప్పులు, గులాలు. ఏ బస్తీ గణపతైనా చివరికి చేరేది నీళ్ళకే. మన దగ్గర భక్తికీ చెరువుకూ ఉన్న లంకె పాతది. మారుతూ వచ్చిందల్లా జనం చెరువుకు మోసుకెళ్ళే వస్తువే.

ఒకప్పుడు పుణ్యం కోసం మోసింది తట్టెడు మట్టి. సప్తసంతానాల్లో కొడుకు, గుడి, కావ్యంతో పాటు తటాకం, వనం కూడా ఉన్నాయి. చెరువు తవ్విస్తే, తోట వేయిస్తే కొడుకును కన్నంత ఫలమన్నమాట. 1213 నాటి రామప్ప గుడి పక్కనే రామప్ప చెరువు ఉండటం కాకతాళీయం కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించిన 1369 నాటి శాసనం ఇంకా ముచ్చటైనది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో వరసగా ఉన్నాయి. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా చెప్పింది. దానశాసనమంటే పొగడ్తల మూట అనుకునేవాళ్ళు దాన్ని ఒకసారి చదవాలి. అది ఇంజనీరు రాసుకున్న కాగితంలా ఉంటుంది.

ఆడవాళ్ళు మోసింది పూలు. బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు ఎవరూ నాటేవి కావు. వానలు పడ్డాక బీళ్ళలో, చేల గట్ల మీద వాటంతటవే పూస్తాయి. తొమ్మిది రోజులూ ఆడి, సద్దుల నాడు నీళ్ళలో వదిలేస్తారు. ఆ పూలు నీటిని శుద్ధి చేస్తాయని ఈమధ్య గట్టిగా వాదిస్తున్నారు గాని, అంత దూరం పోనక్కర్లేదు. అవి కుళ్ళి మట్టిలో కలుస్తాయి, అది చాలు. చవితికి చెరువు మట్టితో చేసిన వినాయకుడు, ఇరవై ఒక్క పత్రీ అంతే. ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వావిలి పేర్లు పిల్లలకు తెలిసింది కూడా ఆ పూజ వల్లనే.

పండుగ వీధిలోకి వచ్చాక లెక్క మారింది. 1893లో పుణేలో తిలక్ గణపతిని ఇంట్లోంచి బజారుకు తెచ్చాడు. మన ఖైరతాబాద్‌లో 1954లో సింగరి శంకరయ్య పెట్టిన విగ్రహం ఒక్క అడుగు. తర్వాత చాలా ఏళ్ళు ఏడాదికో అడుగు చొప్పున పెరుగుతూ పోయింది. ఎత్తు పెరిగేకొద్దీ మట్టి బరువు మోయడం కష్టం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తేలిక, అచ్చులో పోస్తే గంటల్లో గట్టిపడుతుంది. జిప్సాన్ని కాల్చి చేసిన ఆ పొడి, నీళ్ళు తగలగానే మళ్ళీ జిప్సమై బిగుసుకుంటుంది. కరిగి కలిసిపోయే గుణం దానికి లేదు. పైన పూసే రంగుల్లోని సీసం లాంటి లోహాలు సరేసరి. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్‌లో క్రేన్లతో దింపింది వీటినే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జన మార్గదర్శకాలిచ్చింది, 2020లో ప్లాస్టర్ వద్దంది. 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో ఆ విగ్రహాలు వేయొద్దంటే, హైదరాబాద్ నగరపాలక సంస్థ సుప్రీంకోర్టుకు పోయి ఆ ఒక్క ఏడాదికి వెసులుబాటు తెచ్చుకుంది. మరుసటేడు, 2022లో, ఖైరతాబాద్ గణపతి యాభై అడుగుల మట్టి విగ్రహమయ్యాడు. శాస్త్రం గురించి కొత్త వాదమేదీ పుట్టలేదు, తాతల నాటి మట్టి తిరిగొచ్చింది. అయితే విగ్రహాలు పోసే ధూల్‌పేటలో అచ్చుల కోసం అప్పు చేసిన కుటుంబాల మాట ఆ తీర్పుల చర్చలో పెద్దగా వినిపించలేదు.

జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలది ఇంకో దారి. సంక్రాంతి వేళ పాత పంటల జాతర చేస్తారు. జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఎడ్లబండ్లలో అలంకరించి, దేవుణ్ణి ఊరేగించినట్టే ఊరూరా తిప్పుతారు. నందిగామ దగ్గర కాన్హా శాంతివనంలో ధ్యాన సాధకులు ఎండిన నేలను చెట్లతో నింపారు. అది మెచ్చదగ్గదే. కానీ ఆశ్రమానికి ప్రహరీ ఉంటుంది, చెరువుకు ఉండదు.

ఆ తేడా తెలియాలంటే అన్నోజిగూడ నుంచి కాస్త ముందుకు, ఎదులాబాద్ పోవాలి. అక్కడ గోదాదేవి గుడి ఉంది. పూలమాల కట్టి, తాను ముడిచి, దేవుడికిచ్చిన గోద. ఆ ఊరి చెరువుకు చేరేది మూసీ నీళ్ళు. నగరం మురుగు, కార్ఖానాల వ్యర్థాలు మోసుకొచ్చే మూసీ. విగ్రహాల గొడవ పది రోజులది. ఈ మురుగు మూడు వందల అరవై అయిదు రోజులూ వస్తుంది, దాన్ని ఆపమని ఏ మండపం మైకులోనూ వినలేదు నేను.

అన్నోజిగూడ వైపు కొత్త కాలనీల్లో సద్దుల బతుకమ్మకు ఇప్పుడు చెరువు దాకా పోవడం తగ్గింది. గేటు లోపల టార్పాలిన్ పరిచిన గుంటలో ట్యాంకరు నీళ్ళు నింపుతారు. ఆడి అలిసిన ఆడవాళ్ళు తంగేడు పూలను అందులోనే సాగనంపుతారు. తెల్లారేసరికి ఆ పూలన్నీ చెత్త బండి ఎక్కుతాయి.