24 గంటలు ఆగని ఇంజిన్

1965 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో ఆరు ఫోర్డ్ జీటీ40 కార్లు బరిలో దిగాయి. తెల్లవారేసరికి ఆరింటిలో ఒక్కటీ పరుగులో లేదు. వేగం చాలక కాదు. ఆ రేసులో అందరికన్నా తక్కువ సమయంలో చుట్టు పూర్తి చేసింది ఫిల్ హిల్ నడిపిన ఫోర్డే. అంతకు ముందటి ఏడాదీ ఇదే కథ: వేగవంతమైన చుట్టు హిల్‌దే, దిగిన మూడు ఫోర్డులూ మధ్యలోనే ఆగిపోయాయి.

ఆ ఆరింటిలో నాలుగు కార్లు చిన్న ఇంజిన్‌తో నడిచాయి. అది రేసు కోసం పుట్టిన ఇంజిన్ కాదు. దాని సోదరుడే మస్టాంగ్‌లో, ఖరీదైన రకంలో 271 హార్స్‌పవర్ ఇస్తూ రోడ్ల మీద తిరిగేది. దాన్నే రేసుకు తగ్గట్టు మార్చి, నాలుగు వెబర్ కార్బురేటర్లు అమర్చి, ఇంకో వందకు పైగా హార్స్‌పవర్ రాబట్టారు. సిలిండర్లలో పీడనం పెరిగితే ముందుగా ఓడిపోయేది బ్లాకుకూ హెడ్‌కూ మధ్యనున్న అతుకు. ఆ నాలుగింటిలో ఎక్కువ కార్లకు హెడ్ గాస్కెట్లు పోయాయి.

మిగతా రెండూ 7 లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన మార్క్ 2 కార్లు. వాటి ఇంజిన్లు గట్టిగానే ఉన్నాయి, ఆ బలానికి తట్టుకోలేకపోయింది వెనకున్న గేర్‌బాక్స్, క్లచ్. బలం పెంచినప్పుడు బలహీనత మాయం కాదు, పక్క భాగంలోకి జరుగుతుంది. ఫోర్డ్ ఇంజనీర్లు ఈ సంగతిని రెండేళ్ల ఓటమి తర్వాత పూర్తిగా నమ్మారు. 1966లో వాళ్లు చేసిన పనికి అసలు విలువ అక్కడే ఉంది.

427 అని పిలిచే ఆ 7 లీటర్ల ఇంజిన్ అమెరికాలో నాస్కార్ రేసుల్లో ఆరితేరింది. కానీ అక్కడ పెద్ద రేసులు ఎక్కువగా 500 మైళ్లు, అంటే సుమారు 800 కిలోమీటర్లు. లె మాన్స్‌లో గెలవాలంటే దాదాపు ఆరింతలు పరుగెత్తాలి. పైగా ఆ పరుగు తీరే వేరు. ఆరు కిలోమీటర్ల మూల్సాన్ తిన్నని దారిలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోవాలి. ఆ చివర మలుపు దగ్గర ఒక్కసారిగా నెమ్మదించాలి. అప్పటిదాకా చక్రాలను తిప్పిన ఇంజిన్‌ను ఆ క్షణంలో చక్రాలే తిప్పుతాయి. వేడి ఎక్కడం, దిగడం ప్రతి చుట్టులోనూ తప్పదు.

అందుకే చాలామంది అభిమానులకు మింగుడుపడని పని చేశారు: బలం తగ్గించారు. నాస్కార్‌లో ఇంకా ఎక్కువ ఇచ్చే ఇంజిన్‌ను నిమిషానికి 6,200 చుట్ల దగ్గర 485 హార్స్‌పవర్‌కే పరిమితం చేశారు. ఆయిల్ దారి సంగతి కూడా చెప్పుకోవాలి. పాత 427 బ్లాకుల్లో ఆయిల్ ముందు పైనున్న కామ్‌షాఫ్ట్‌కు వెళ్లి, తర్వాత క్రాంక్‌షాఫ్ట్‌కు చేరేది. 1965 నుంచి వచ్చిన బ్లాకుల్లో, పక్కన తొలిచిన దారి గుండా, మొదటి వాటా క్రాంక్‌షాఫ్ట్ మెయిన్ బేరింగులదే. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోయి పంపు గాలి పీల్చకుండా, దాన్ని విడిగా ఒక ట్యాంకులో నిలవచేసే డ్రై సంప్ పద్ధతి పెట్టారు.

ఇవన్నీ ఒక ఎత్తు, డియర్‌బోర్న్‌లో ఫోర్డ్‌కు ఉన్న డైనమోమీటర్ (ఇంజిన్ బలాన్ని కొలిచే యంత్రం) గది ఒక ఎత్తు. ఇంజిన్‌ను ఒంటరిగా కాకుండా గేర్‌బాక్స్‌తో కలిపి అక్కడ బిగించారు. లె మాన్స్ చుట్టులో ఎక్కడ ఎంత వేగం, ఎక్కడ ఏ గేరు అన్నది ముందే నమోదు చేసి ఉంది. ఆ ప్రకారం యంత్రమే యాక్సిలరేటర్ తొక్కేది, వదిలేది, గేర్లు మార్చేది. చుట్టు తర్వాత చుట్టు, గంటల తరబడి. ఏదైనా విరిగితే విప్పి, కారణం వెతికి, ఆ భాగాన్ని మార్చి మళ్లీ మొదటి నుంచి నడిపేవారు. అనుభవమున్న మెకానిక్ చెవితో, చేతితో పట్టే లోపాన్ని గోడల మధ్య రేసు నడిపి ముందుగానే బయటికి లాగే పద్ధతి అది. ఫోర్డ్ గెలుపులో డ్రైవర్లకు దక్కినంత పేరు ఈ గదిలో పనిచేసినవారికీ దక్కాలి.

1966 ఫిబ్రవరిలో డేటోనా 24 గంటల రేసులో మొదటి మూడు స్థానాలూ మార్క్ 2లవే. జూన్‌లో లె మాన్స్‌లోనూ అంతే: బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్‌ల కారు 4,843 కిలోమీటర్లు నడిచి గెలిచింది. అయితే బయలుదేరిన ఎనిమిది మార్క్ 2లలో చివరిదాకా నిలిచినవి ఆ మూడే. డాన్ గర్నీ, జెర్రీ గ్రాంట్‌ల కారు ముందంజలో ఉండి ఇంజిన్ వేడెక్కి ఆగింది.

మరుసటి ఏడాది డేటోనాలో గట్టి దెబ్బ తగిలింది. గేర్‌బాక్స్ షాఫ్టులకు చేసిన ఉష్ణ సంస్కారం సరిగా లేక ఒకదాని వెనక ఒకటి విరిగాయి, మొదటి మూడు స్థానాలూ ఫెరారీకి వెళ్లాయి. ఆ జూన్‌లో లె మాన్స్‌లో గర్నీ, ఎ.జె. ఫోయ్ట్ గెలిచారు. గర్నీ మూల్సాన్ చివర బ్రేకు వేయాల్సిన చోటుకు చాలా ముందే యాక్సిలరేటర్ వదిలి కారును దానంతటదే నెమ్మదించనిచ్చేవాడు. ప్రతి చుట్టులో కాస్త సమయం పోయినా యంత్రం మిగిలేది.

1968లో నియమాలు మారి 7 లీటర్ల ఇంజిన్‌కు చోటు లేకుండా పోయింది. జాన్ వైయర్ జట్టు అదే చిన్న ఇంజిన్ వంశానికి చెందిన 4.9 లీటర్ల ఇంజిన్‌ను, గర్నీ-వెస్లేక్ హెడ్లతో జీటీ40లో వాడింది. 1075 అనే చాసిస్ నంబరున్న ఒకే కారు 1968లోనూ 1969లోనూ లె మాన్స్ గెలిచింది. 1969లో కొత్త పోర్షే 917 దానికన్నా ఎంతో వేగవంతమైనది. గంటల తరబడి ముందుండి, 21వ గంటలో క్లచ్, గేర్‌బాక్స్ భాగం దెబ్బతిని ఆగిపోయింది. చివరికి జాకీ ఇక్స్ ఆ పాత ఫోర్డును మరో పోర్షే కన్నా సుమారు 120 మీటర్ల ముందు గీత దాటించాడు.