బోటుపై సౌరవిద్యుత్తు: ముందు బ్యాటరీ లెక్క.. తర్వాతే ఫలకం

కాకినాడ: తూర్పు తీరంలో మరపడవలకు ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజులపాటు వేట నిషేధం అమలులో ఉంటుంది. బోట్లు ఒడ్డున ఉండి మరమ్మతులు జరిగే ఈ కాలమే సౌర ఫలకాలు బిగించుకునేందుకు అనువైన సమయం. అయితే ఎంత పెద్ద ఫలకం కొనాలన్నది మొదటి ప్రశ్న కాదు. రాత్రంతా వెలిగే దీపాలకు ఇంజిన్‌ స్టార్టు చేసే బ్యాటరీనే వాడితే తెల్లవారేసరికి ఇంజిన్‌ కదలదు. దానిపైనే ఆధారపడిన వీహెచ్‌ఎఫ్‌ సెట్టూ మూగబోతుంది. నడిసంద్రంలో ఒడ్డుకు కబురు పంపే దారి ఉండదు. అందువల్ల ఇంజిన్‌కు ఒక బ్యాటరీ, దీపాలు, పరికరాలకు మరొకటి విడివిడిగా ఉండడం తప్పనిసరి. ఫలకాన్ని రెండోదానికి కలపాలి.

ఐదు వాట్ల ఎల్‌ఈడీ దీపాలు నాలుగు పది గంటలు వెలిగితే 200 వాట్‌ అవర్లు అవుతుంది. 15 వాట్ల జీపీఎస్‌, ఎకో సౌండర్‌ 12 గంటలకు 180, వీహెచ్‌ఎఫ్‌ సెట్టుకు సుమారు 150, సెల్‌ఫోన్లకు 30 కలిపితే రోజుకు 560. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఇది దాదాపు 47 ఏహెచ్‌. మబ్బు పట్టిన రోజునూ కలుపుకొని రెండు రోజులకు 94 కావాలి. లెడ్‌ యాసిడ్‌ రకంలో సగమే వాడుకోవాలి కనుక 190 నుంచి 200 ఏహెచ్‌, లిథియం ఐరన్‌ ఫాస్ఫేట్‌ రకమైతే 120 సరిపోతుంది. బోటు ఊగినా యాసిడ్‌ ఒలకని సీల్డు రకమే మేలు. ఇక ఫలకాలు 200 వాట్లు, కంట్రోలర్‌ 20 ఆంపియర్లు చాలు.

ఫలకంతో బోటే నడిచిపోతుందని ఆశపడేవారూ లేకపోలేదు. కేరళలో 2017 జనవరిలో వైకం, తవణక్కడవు మధ్య ప్రారంభమైన 75 సీట్ల ‘ఆదిత్య’ పడవకు 20 కిలోవాట్ల ఫలకాలు అమర్చారు. అదీ అలలు లేని వేంబనాడ్‌ సరస్సులో.

బిగింపులోనే అసలు చిక్కులున్నాయి. స్తంభం, వలల నీడ కొద్దిగా పడినా ఉత్పత్తి భారీగా పడిపోతుంది. వంద వాట్లవి రెండు తీసుకుని సమాంతరంగా కలిపితే ఒకదానిపై నీడ పడినా రెండోది పనిచేస్తుంది. క్యాబిన్‌ పైకప్పుకు అంటించకుండా కింద గాలి ఆడేలా ఖాళీ వదలాలి. బోల్టులు స్టెయిన్‌లెస్‌ స్టీలువి, వైరు తగరం పూత పూసిన రాగిది అయి ఉండాలి. ఉప్పుగాలికి మామూలు రాగి నల్లబడిపోతుంది. వైరు మందం విషయంలో పొదుపు పనికిరాదు. ఐదు మీటర్ల దూరానికి పది ఆంపియర్లు పంపితే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.7 వోల్టులు నష్టపోతాయి. అదే 6 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 మాత్రమే. బ్యాటరీ పాజిటివ్‌కు దగ్గరలోనే ఫ్యూజు పెట్టాలి. ముందు బ్యాటరీని, ఆ తర్వాతే ఫలకాన్ని కంట్రోలర్‌కు కలపాలి.

పనంతా ముగిశాక జెట్టీలోనే ఒక రాత్రి అన్నీ వేసి చూడాలి. తెల్లవారకముందే వాటిని ఆపి, గంట ఆగి వోల్టేజి కొలవాలి. లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీలో 12.2 కంటే తగ్గితే అది సముద్రంలో రెండు రాత్రులు ఆగదని గ్రహించాలి.