హింసాత్మక నేరాల బాధిత విద్యార్థులకు సహాయం (విశాఖపట్నం)

దాడి, అత్యాచారం, యాసిడ్ దాడి వంటి నేరాల బారినపడ్డ కళాశాల విద్యార్థులకు అందే వైద్య, న్యాయ, మానసిక, విద్యా సహాయం. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చదువుకు వచ్చి హాస్టళ్లలో ఉండేవారు ఎందరో. అయినవాళ్లు దగ్గర లేని వీరికి తొలి ఆసరా చాలాసార్లు స్నేహితులే.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు చేయవచ్చు. అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు సైతం ఉచితంగా చికిత్స చేయాలి. నగరంలో పెద్ద ప్రభుత్వ దవాఖానా కేజీహెచ్. నేరస్థుడెవరో తేలకపోయినా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం కోరవచ్చు. యాసిడ్ బాధితులకు ఇది కనీసం రూ.3 లక్షలు ఉండాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది.

చదువు సంగతి తరచూ వెనకబడుతుంది. లైంగిక వేధింపుల ఫిర్యాదుదారుకు మూడు నెలల వరకు సెలవు ఇచ్చే వీలు యూజీసీ 2015 నిబంధనల్లో ఉంది. యాసిడ్ బాధితులను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తన పరిధిలోకి తెచ్చింది. మహిళలకు 181 హెల్ప్‌లైన్, అన్ని రకాల సాయం ఒకేచోట అందించే సఖి కేంద్రాలు ఉన్నాయి. కత్తిపోటుకు గురైన అబ్బాయికి అలాంటి ప్రత్యేక కేంద్రం లేకపోవడం లోటే. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 మాత్రం అందరిదీ.