ట్రాక్టర్ లాగుతుంది సరే, ఆపగలదా? తాండూరు బండల లోడుకు లెక్క ఇదీ

తాండూరు పేరు చెబితే గుర్తొచ్చేవి నాపరాళ్లు, కందులు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండూ ట్రాక్టర్ ట్రాలీల్లో వెళ్లే సరుకులే. కానీ బస్తాలకు పనికొచ్చే కంటి అంచనా బండలకు పనికిరాదు. ట్రాలీ సగం నిండకముందే బరువు హద్దు దాటిపోతుంది.

బరువు ఎంత?

అంగుళం మందమున్న నాపరాయి చదరపు అడుగుకు 6 కిలోల పైనే తూగుతుంది. రెండడుగులకు రెండడుగుల బండ ఒక్కటే సుమారు 25 కిలోలు. 500 చదరపు అడుగులు వేస్తే 3 టన్నులు దాటుతుంది. మందం రెండంగుళాలైతే బరువు రెట్టింపే.

ట్రాలీకి ట్రాక్టర్‌తో కాకుండా విడిగా ఆర్‌సీ ఉంటుంది. అందులో ఖాళీ బరువు, లోడుతో కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు రాసి ఉంటాయి. ఆ రెండింటి తేడాయే వేయదగ్గ లోడు. ఉదాహరణకు ఖాళీ బరువు 1,500 కిలోలు, గరిష్ఠం 6,000 కిలోలు అనుకుందాం. లోడు 4,500 కిలోలు, అంటే అంగుళం బండలు సుమారు 700 చదరపు అడుగులు. అనుమానముంటే ధర్మకాంటా ఎక్కించి చూసుకోవాలి.

హెచ్‌పీ ఒక్కటే చాలదు

45 హెచ్‌పీ ట్రాక్టర్ బరువు సుమారు 2 టన్నులు. చదును రోడ్డు మీద తనకు రెండు మూడు రెట్ల బరువును లాగేస్తుంది. ఆపడమే కష్టం. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు, భారమంతా ట్రాక్టర్ వెనక చక్రాల మీదే పడుతుంది. వికారాబాద్ అనంతగిరి ఘాట్ లాంటి దిగుడులో ట్రాలీ వెనక నుంచి తోస్తుంది, ట్రాక్టర్ అడ్డం తిరిగి బోల్తా పడొచ్చు. అందుకే దిగకముందే చిన్న గేరులో వేయాలి, న్యూట్రల్ చేయొద్దు. రోడ్డు మీద రెండు బ్రేక్ పెడళ్లనూ లాక్ వేసి కలిపే ఉంచాలి.

రెండు చక్రాల ట్రాలీలో లోడు మరీ ముందుకుంటే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలతాయి, స్టీరింగ్ పట్టు పోతుంది. మరీ వెనక్కుంటే కొక్కెం పైకి లేచి వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. కొక్కేన్ని కంపెనీ ఇచ్చిన చోటే తగిలించాలి. ఎత్తుగా కడితే ట్రాక్టర్ వెనక్కి తిరగబడే ప్రమాదముంది.

జరిమానా, ఇన్సూరెన్స్

మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయల జరిమానా. అదనపు సరుకు దింపించడం, దాని ఖర్చు భరించడం కూడా తప్పదు. వ్యవసాయం కింద రిజిస్టరైన ట్రాలీతో కిరాయికి బండలు తోలితే, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ తిరస్కరణకు గురికావొచ్చు.

లోడు మీద కూలీలను కూర్చోబెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఒక్క కుదుపుకే బండలు జారతాయి. హమాలీలను వేరే బండిలో పంపితే అయ్యే ఖర్చు ఒక ప్రాణం ముందు లెక్కలోకే రాదు.