రోలర్ కోస్టర్ విదేశీ బృందయాత్రలు

రోలర్ కోస్టర్ విదేశీ బృందయాత్ర అనగా రోలర్ కోస్టర్లను ఎక్కడమే ప్రధానోద్దేశంగా కొందరు ఔత్సాహికులు బృందంగా ఏర్పడి ఇతర దేశాలలోని వినోద పార్కులకు చేసే ప్రయాణం. సాధారణ విదేశీ విహారయాత్రలో నగర సందర్శన ముఖ్యం, వినోద పార్కు ఒక పూట ముచ్చట మాత్రమే. ఈ యాత్రలలో అది తారుమారవుతుంది. అమెరికా, ఐరోపా దేశాలలో ఔత్సాహిక సంఘాలు అనేక సంవత్సరాలుగా ఇటువంటి యాత్రలు నిర్వహిస్తున్నాయి. భారతదేశంలో ఎక్కువ మంది సింగపూర్, దుబాయి ప్యాకేజీ టూర్లలో భాగంగానే విదేశీ రోలర్ కోస్టర్లను చూస్తున్నారు. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు బెంగుళూరు అంతర్జాతీయ విమానాశ్రయానికి అందుబాటులో ఉన్నందున, ఇక్కడి నుండి బయలుదేరే బృందాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ యాత్రల ప్రణాళికను ఈ వ్యాసంలో వివరించడమైనది.

చరిత్ర

రోలర్ కోస్టర్‌కు మూలం రష్యాలో చలికాలంలో కొయ్యకట్టడాలపై మంచు పేర్చి కట్టిన జారుడు కొండలు. అందువలన ఫ్రెంచి, స్పానిష్ భాషలలో దీనిని నేటికీ "రష్యన్ కొండలు" అనే అర్థం గల పేరుతోనే పిలుస్తారు. విచిత్రమేమంటే రష్యన్ భాషలో దీని పేరు "అమెరికన్ కొండలు". 1884లో లామార్కస్ థాంప్సన్ న్యూయార్కులోని కోనీ ఐలాండ్ వద్ద ప్రారంభించిన స్విచ్‌బ్యాక్ రైల్వే గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగంతో నడిచేది. దానికి రుసుము 5 సెంట్లు. 1959లో డిస్నీలాండ్‌లో వచ్చిన మాటర్‌హార్న్‌తో ఉక్కు గొట్టాల పట్టాలు వాడుకలోకి వచ్చాయి. ఆ తరువాతే తలక్రిందులుగా తిరిగే ఆధునిక కోస్టర్లు సాధ్యమయ్యాయి.

1978లో అమెరికన్ కోస్టర్ ఎంథూసియాస్ట్స్ అనే లాభాపేక్ష లేని సంఘం ఏర్పడింది. పాత కొయ్య కోస్టర్లను కూల్చివేయకుండా కాపాడటం, సభ్యులకు సమావేశాలు, యాత్రలు ఏర్పాటు చేయటం దీని పనులు. బ్రిటన్‌లోనూ, ఐరోపాలోనూ ఇటువంటి సంఘాలు వెలిశాయి. 1996లో మొదలైన రోలర్ కోస్టర్ డేటాబేస్ ప్రపంచంలోని కోస్టర్ల ఎత్తు, వేగం, పొడవు, ప్రారంభ సంవత్సరం, ప్రస్తుత స్థితి వంటి వివరాలను ఒకచోట చేర్చింది. ఒక్కొక్క కొత్త కోస్టర్‌ను ఎక్కినప్పుడు ఔత్సాహికులు దానిని ఒక "క్రెడిట్"గా లెక్క వ్రాసుకుంటారు.

తెలుగువారికి బృందయాత్ర కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో మద్రాసు నుండి సుమారు వందమంది పరివారంతో కాశీకి వెళ్లి వచ్చి, దారి వివరాలను దినచర్యగా వ్రాసి ఉంచారు. గమ్యాలు మారినా, పదిమందిని కూడగట్టుకొని సుఖంగా తిరిగి రావటంలోని కష్టం నేటికీ అదే.

దేశంలోని కోస్టర్లు

విదేశయాత్రకు ముందు స్వదేశంలోని కోస్టర్లను ఎక్కి చూడటం మంచి పరీక్ష. బెంగుళూరు–మైసూరు రహదారిపై బిడది సమీపంలో 2005లో ప్రారంభమైన వండర్‌లా ఈ మూడు పట్టణాలకూ దగ్గరలోని పెద్ద పార్కు. హైదరాబాదు శివార్లలోని రావిర్యాలలో 2016లో మరొక వండర్‌లా ప్రారంభమైనది. మహారాష్ట్రలోని ఖోపోలి వద్ద ఇమాజికా పార్కులో 2013లో నిర్మించిన నైట్రో, కాళ్ల క్రింద నేల లేకుండా నడిచే పెద్ద కోస్టర్. స్వదేశంలో ఒక రోజు గడిపితే ఎవరికి తల తిరుగుతుందో, ఎవరికి భయమో, ఎవరు రెండవసారి వరుసలో నిలబడతారో తెలిసిపోతుంది. ఈ సంగతి విదేశానికి వెళ్లిన తరువాత తెలిస్తే టిక్కెట్టు సొమ్ము వృథా అవుతుంది.

ముఖ్య గమ్యాలు

అబుధాబి: యాస్ దీవిలోని ఫెరారీ వరల్డ్‌లో 2010లో ప్రారంభమైన ఫార్ములా రోసా 4.9 సెకన్లలో గంటకు 240 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. ప్రారంభమైన నాటికి ఇది ప్రపంచంలో అత్యంత వేగవంతమైన కోస్టర్. ఇసుక రేణువులు కళ్లలో పడకుండా ప్రయాణికులకు ప్రత్యేకమైన కళ్లద్దాలు ఇస్తారు. పార్కులో అధికభాగం పైకప్పు క్రింద ఉన్నా ఈ కోస్టర్ పట్టాలు ఆరుబయట ఉన్నాయి. అందువలన గాలిదుమారం లేచినపుడు దీనిని ఆపవలసి వస్తుంది.

సింగపూర్: సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్ 2010లో ప్రారంభమైనది. ఇక్కడి బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాలో రెండు కోస్టర్లు ఒకదానినొకటి ఢీకొనబోతున్నట్లు పక్కపక్కన నడుస్తాయి. 2013లో ఆగిపోయిన ఈ జంట 2015లో గాని తిరిగి మొదలుకాలేదు. ఆ రెండేళ్లలో వెళ్లినవారికి అది దొరకలేదు.

దక్షిణ కొరియా: పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత ఈ ప్రాంతంలో కొరియా వారి రాకపోకలు పెరిగాయి. ఆ దేశంలోని యోంగిన్ నగరంలో ఎవర్‌ల్యాండ్ పార్కు ఉన్నది. అందులో 2008లో ప్రారంభమైన టి ఎక్స్‌ప్రెస్ కొయ్య కోస్టర్. ఎత్తు 56 మీటర్లు, పొడవు 1,641 మీటర్లు. మొదటి దిగుడు 77 డిగ్రీల వాలులో ఉంటుంది.

జపాన్: ఫుజి పర్వతం దగ్గరలోని ఫుజి-క్యూ హైల్యాండ్‌లో ఫుజియామా (1996), ఈజనైకా (2006), తకబిషా (2011) ఉన్నాయి. నగోయా సమీపంలోని నగషిమా స్పా ల్యాండ్‌లో 2000లో నిర్మించిన స్టీల్ డ్రాగన్ పొడవు 2,479 మీటర్లు.

అమెరికా: ఒహైయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్, కింగ్స్ ఐలాండ్ పార్కులు ప్రసిద్ధమైనవి. కింగ్స్ ఐలాండ్‌లోని ది బీస్ట్ 1979 నాటి కొయ్య కోస్టర్. చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాలలో కోస్టర్లు శీతకాలమంతా నడవవు. అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా వెళ్లే వేసవి నెలలలోనే ఇవి నడవటం ఒక సౌలభ్యం.

ప్రణాళిక

బృంద నిర్మాణం: అందరూ కోస్టర్ ఎక్కేవారే ఉండరు. తాతలు, బామ్మలు, చిన్నపిల్లలు, భయపడేవారు కూడా వెంట వస్తారు. కనుక డబ్బు కట్టకముందే ఎక్కేవారి జాబితా, ఎక్కనివారి జాబితా వేరువేరుగా వ్రాసుకోవాలి. ఎక్కనివారికి పార్కులో నీడ, కూర్చునే చోటు, వారికి తగిన వినోదం ఉన్నాయో లేవో చూడాలి. ఈ పని చేయని బృందాలలో మధ్యాహ్నానికే మనస్పర్థలు మొదలవుతాయి.

ఎత్తు, వయసు: ప్రతి కోస్టర్‌కు కనీస ఎత్తు నిర్ణయించి ఉంటుంది. ఉదాహరణకు ఫార్ములా రోసాకు 140 సెంటీమీటర్లు, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాకు 125 సెంటీమీటర్లు. కొన్నింటికి గరిష్ఠ ఎత్తు కూడా ఉంది. జపాన్‌లోని కొన్ని పార్కులలో గరిష్ఠ వయోపరిమితి అమలులో ఉన్నందున, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని కూడా వెనుకకు పంపుతారు. ఒక్క సెంటీమీటరు తక్కువైనా మినహాయింపు ఉండదు. పిల్లల ఎత్తును చెప్పులు లేకుండా ఇంటి వద్దనే కొలుచుకొని వెళ్లటం ఉత్తమం.

కాలనిర్ణయం: మన పాఠశాలల వేసవి సెలవులలో గల్ఫ్ దేశాలలో ఎండ తీవ్రంగా ఉంటుంది. ఏప్రిల్ చివర, మే మొదట జపాన్‌లో వరుస సెలవుల వలన పార్కులు కిక్కిరిసి ఉంటాయి. ఎక్కడైనా శని, ఆదివారాలు కాక పనిదినాలు మేలు. సంఘాలు నిర్వహించే యాత్రలలో పార్కును సాధారణ సందర్శకులకు తెరవక ముందు గాని, మూసిన తరువాత గాని తమ బృందానికి మాత్రమే కోస్టర్ నడిపేటట్లు పార్కు యాజమాన్యంతో ముందే ఒప్పందం చేసుకుంటారు. చిన్న బృందాలకు ఈ అవకాశం దొరకటం అరుదు. వారు ద్వారం తెరిచే వేళకు చేరుకొని ముఖ్యమైన కోస్టర్‌ను ముందుగా ఎక్కటమే మార్గం.

మూసివేతలు: ఈ యాత్రలలో అతిపెద్ద నిరాశ ఇదే. న్యూజెర్సీలోని కింగ్డా కా 139 మీటర్ల ఎత్తుతో 2005 నుండి ప్రసిద్ధి పొందినది. 2024 నవంబరులో దాని చివరి సవారీ ముగిసిన తరువాతనే మూసివేత ప్రకటన వెలువడింది. వీడ్కోలు సవారీకి ఎవరికీ అవకాశం చిక్కలేదు. 2025 ఫిబ్రవరి 28న దానిని కూల్చివేశారు. ఫుజి-క్యూలోని డో-డోడోంపా ప్రయాణికులలో కొందరికి ఎముకలు విరగటంతో 2021 ఆగస్టులో ఆగిపోయి, 2024లో శాశ్వతంగా మూతపడింది. కనుక ఒకే కోస్టర్ కోసం యాత్ర వేసుకొనరాదు. టిక్కెట్లు కొనేముందు, బయలుదేరే వారంలో, పార్కుకు వెళ్లే ఉదయాన – మూడుసార్లు పార్కు ప్రకటనలను పరిశీలించాలి.

పత్రాలు, ధనము

ఒకప్పుడు ఈ ప్రాంతంవారు పాస్‌పోర్టు కోసం హైదరాబాదు వరకు వెళ్లవలసి వచ్చేది. 2017 నుండి దేశంలోని ఎంపిక చేసిన తపాలా కార్యాలయాలలో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ప్రారంభమవటంతో ఈ ఇబ్బంది తగ్గింది. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉండాలని కోరుతాయి. బృందంలో ఒక్కరి పాస్‌పోర్టు గడువు తీరినా మొత్తం ప్రయాణం తేదీ మారుతుంది. వీసా నియమాలు తరచుగా మారుతుంటాయి గనుక ఆయా దేశాల రాయబార కార్యాలయాల ప్రకటనలనే ప్రమాణంగా తీసుకోవాలి.

విదేశీ ప్యాకేజీ టూర్లపై 2020 అక్టోబరు 1 నుండి మూలంలో వసూలు చేసే పన్ను (టీసీఎస్) అమలులోకి వచ్చింది. దీని రేట్లు తరువాత మారాయి. ఈ మొత్తం యాత్రికుని పాన్ నంబరు మీద జమ అవుతుంది. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసి దీనిని పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. ఈ విషయం తెలియక చాలామంది దీనిని పోయిన సొమ్ముగా భావిస్తారు.

టూర్ సంస్థతో ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలి. పార్కులో గడిపే గంటలు, త్వరిత ప్రవేశపు టిక్కెట్టు కలిసి ఉన్నదా లేదా, రద్దు చేసుకుంటే తిరిగి వచ్చే సొమ్ము – ఈ మూడూ అందులో కనిపించాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సంస్థ కార్యాలయం ఎక్కడ ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాకు చెందిన వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. బెంగుళూరు లేదా ముంబాయి సంస్థకు డబ్బు కట్టిన హిందూపురం వాసికి ఇది ఎంతో ఉపయోగకరమైన నిబంధన.

ప్రయాణ మార్గం

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగుళూరు వెళ్లే ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం 2008లో బెంగుళూరుకు ఉత్తరాన దేవనహళ్లి వద్ద ప్రారంభమైనది. అందువలన నగరంలోనికి పోనవసరం లేదు. రైలులో వచ్చేవారు యలహంకలో దిగి రోడ్డు మార్గంలో విమానాశ్రయం చేరవచ్చు. పెనుకొండ 44వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్నందున, మూడు ఊళ్లవారూ కలిసి ఒకే బస్సు మాట్లాడుకుంటే ధర్మవరం నుండి మొదలుపెట్టి దారిలో మిగిలినవారిని ఎక్కించుకోవచ్చు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటలు ముందుగా చేరేటట్లు లెక్క వేసుకోవాలి.

భద్రత, ఆరోగ్యం

కోస్టర్ బండి పట్టాల పైన, పక్కన, క్రింద ఉండే మూడు రకాల చక్రాలతో పట్టాలను పట్టుకొని ఉంటుంది. కనుక శిఖరాల వద్ద కూడా పట్టాలను విడిచిపోదు. మార్గాన్ని భాగాలుగా విభజించి, ఒక భాగంలో ఒక బండి మాత్రమే ఉండేటట్లు కంప్యూటరు చూస్తుంది. రైల్వే సిగ్నళ్ల పద్ధతి కూడా ఇటువంటిదే. 2015 జూన్ 2న ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్‌లో స్మైలర్ అనే కోస్టర్‌పై ఒక ఖాళీ బండి దారిలో నిలిచిపోయింది. కంప్యూటరు రెండవ బండిని ఆపినా, సిబ్బంది ఆ హెచ్చరికను కాదని దానిని నడిపించారు. ఫలితంగా 16 మంది గాయపడ్డారు, వారిలో ఇద్దరు యువతులు ఒక్కొక్క కాలు కోల్పోయారు. యాజమాన్యానికి 2016లో 50 లక్షల పౌండ్ల జరిమానా పడింది. మన దేశంలో 2019 జూలై 14న అహ్మదాబాదులోని కాంకరియా సరస్సు వద్ద ఊయల వంటి రైడ్ విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. యంత్రం ఎంత గట్టిదైనా తనిఖీ, సిబ్బంది శిక్షణ లేనిదే భద్రత లేదని ఈ సంఘటనలు తెలుపుతాయి. అందువలన "సాంకేతిక కారణాల వలన ఆపివేశాము" అనే పలక కనిపిస్తే సిబ్బందితో వాదించక మరొక రైడ్‌కు వెళ్లటమే వివేకం.

ప్రయాణికులు పాటించవలసిన ముఖ్య విషయాలు:

* గుండె జబ్బు, అధిక రక్తపోటు, మెడ లేక వెన్నెముక బాధ ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ఎక్కరాదు. గర్భిణులు ఎక్కనే కూడదు.
* చీర కొంగు, చున్నీ, పొడవైన జడ, మెడలోని గొలుసులు ప్రమాదకారులు. ఆ రోజుకు బిగుతైన దుస్తులు ధరించాలి. నగలు ఇంటివద్దనే ఉంచటం మంచిది.
* కళ్లజోడు, సెల్‌ఫోను, నాణేలు లాకరులో పెట్టాలి. పైనుండి జారిన ఫోను క్రింద ఉన్నవారిని గాయపరచగలదు.
* ఖాళీ కడుపుతోగాని, భోజనం చేసిన వెంటనే గాని ఎక్కరాదు. నీరు తగినంత త్రాగాలి.
* ప్రయాణ బీమా కొనేముందు వినోద పార్కు ప్రమాదాలకు అది వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి.
* విడిపోతే కలుసుకునే చోటు, సమయం ఉదయాన్నే అందరికీ చెప్పాలి.

ఎక్కనన్నవారిని పిరికివారని ఎగతాళి చేయటం, బలవంతంగా ఎక్కించటం బృందాలలో తరచుగా కనిపించే పొరపాటు. తన అనారోగ్యాన్ని పదిమందిలో చెప్పుకొనలేక ఒప్పుకున్న వ్యక్తికి అది ప్రాణాపాయం కావచ్చు. అనుభవం గల నిర్వాహకులు ప్రతి రైడ్‌కు ముందు "ఎవరు వస్తారు?" అని మాత్రమే అడుగుతారు, "ఎందుకు రారు?" అని అడగరు.

ఇవి కూడా చూడండి

* రోలర్ కోస్టర్
* కాశీయాత్ర చరిత్ర
* హిందూపురం
* పెనుకొండ
* ధర్మవరం