లినక్స్‌లో ఫోల్డర్ ఎన్‌క్రిప్షన్: చరిత్ర

పెన్‌డ్రైవ్‌లోనో బయటి హార్డ్‌డిస్క్‌లోనో వెంట తీసుకెళ్లే సొంత ఫైళ్లను, పాస్‌వర్డ్ తెలిసినవారు తప్ప మరొకరు చదవలేని గూఢలిపిలోకి మార్చి ఉంచడమే ఫోల్డర్ ఎన్‌క్రిప్షన్. యూనిక్స్‌లో పుట్టి లినక్స్‌కు వచ్చిన ఈ పద్ధతికి ముప్పై ఏళ్లు దాటాయి. ఫైలు లోపలి రాతను దాచడం మొదట్లోనే కుదిరింది. ఫైలు పేరేమిటి, ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు మార్చారు అన్న ఆనవాళ్లను దాచడం దగ్గరే ఇన్నేళ్లూ పేచీ నడిచింది.

ఆ పేచీ ఊళ్లోవాళ్లకు పట్టనిదేమీ కాదు. పల్నాడు జిల్లా అచ్చంపేట లాంటి మండల కేంద్రంలో పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, మార్కుల జాబితాల స్కాన్‌లన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జిరాక్స్ షాపుకు పోవడం మామూలే. ఆ పెన్‌డ్రైవ్ పోయిందనుకుందాం. ఫైలు తెరుచుకోకపోయినా ‘బంగారం లోను రసీదు’ అన్న పేరు కనబడిందంటే సగం సంగతి బయటపడ్డట్టే.

ఈ దారిలో మొదట చెప్పుకోవాల్సిన పేరు మ్యాట్ బ్లేజ్. అమెరికాలోని ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ ఆయన 1993లో యూనిక్స్ కోసం సీఎఫ్ఎస్ అనే పనిముట్టును ప్రకటించారు. గూఢలిపి ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో ఉంటాయి; పాస్‌వర్డ్ ఇస్తే అవే ఫైళ్లు మరోచోట మామూలుగా కనిపిస్తాయి. ఈ జంట ఫోల్డర్ల పద్ధతే తర్వాత వచ్చిన పనిముట్లలో చాలావాటికి మూలం. ఫైళ్ల పేర్లు కూడా గూఢలిపిలోకి మారేవి కానీ సైజులు, తేదీలు, ఫోల్డర్ల అమరిక పైకి కనిపిస్తూనే ఉండేవి.

లినక్స్‌లో ఈ పద్ధతిని మామూలు వాడకందార్ల దాకా తెచ్చింది వేలియెంట్ గాఫ్ 2003లో రాసిన ఎంక్‌ఎఫ్ఎస్. మామూలు వాడకందారే ఫైల్‌సిస్టమ్‌ను నడుపుకునే వీలిచ్చే ఫ్యూజ్ దానికి ఆధారం; అది 2005లో లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్‌లో చేరింది. ఎంక్‌ఎఫ్ఎస్‌కు ముందుగా ఇంత చోటని కేటాయించనక్కర్లేదు, అడ్మిన్ హక్కులతో పనిలేదు, ఫోల్డర్‌ను యథాతథంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే చాలు. జనానికి నచ్చదా మరి! 2014 జనవరిలో భద్రతా పరిశోధకుడు టేలర్ హార్న్‌బీ ఎంక్‌ఎఫ్ఎస్‌ను పరిశీలించి లోపాలు బయటపెట్టారు. దొంగకు ఒకే ఒక్క ప్రతి దొరికితే ఫర్వాలేదు. ఒకే ఫోల్డర్ ప్రతులు వేర్వేరు రోజులవి రెండో మూడో చిక్కితే రక్షణ సన్నగిల్లుతుందని తేల్చారు. అంటే ఒకసారి పోయిన పెన్‌డ్రైవ్ కన్నా, రోజూ క్లౌడ్‌లోకి ఎక్కించే ఫోల్డర్‌కే ముప్పు ఎక్కువ.

ఇంకో దారి మొత్తం డ్రైవ్‌నే గూఢలిపిలో ఉంచడం. 2004లో ఆ పని చేసే డీఎం-క్రిప్ట్ కెర్నల్‌లోకి వచ్చింది. దాని మీద క్లెమెన్స్ ఫ్రూవిర్త్ రూపొందించిన లక్స్ ప్రమాణం స్థిరపడింది. పేర్లు, సైజులు, లెక్కలు ఏవీ కనబడవు. ఆనవాళ్ల పేచీకి ఇంతకంటే సూటి జవాబు రాలేదు. కాకపోతే లక్స్ పెన్‌డ్రైవ్‌ను షాపులోని విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే అది గుర్తుపట్టదు, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. వెనక క్యూ ఉంది, షాపతను తొందరలో ఉన్నాడు, ఒక్క క్లిక్కుతో సరేనన్నాడనుకోండి. అసలు కీ దాగి ఉండేది డ్రైవ్ మొదట్లోని హెడర్‌లో. అది చెరిగిపోతే సరైన పాస్‌వర్డ్ నోటికి వచ్చినా డేటా తిరిగి రాదు. హెడర్‌కు విడిగా ఒక ప్రతి తీసి పెట్టుకునే ఆదేశం ఉన్నా, ఆ సంగతి పోగొట్టుకున్నాకే చాలామందికి తెలుస్తుంది. లినక్స్, విండోస్ రెండింటిలోనూ తెరుచుకునే ట్రూక్రిప్ట్‌కు ఆదరణ పెరగడానికి ఈ ఇబ్బందీ ఒక కారణం. 2014 మే 28న దాన్ని ఉన్నట్టుండి ఆపేశారు. అప్పటికే మొదలైన వెరాక్రిప్ట్ ఆ చోటు తీసుకుంది.

మళ్లీ ఫోల్డర్ల దారికి వస్తే, ఎరెజ్ జాదోక్ పరిశోధనను ఆధారం చేసుకుని ఐబీఎంలో మైకేల్ హాల్‌క్రో తయారుచేసిన ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్ 2006లో కెర్నల్‌లో చేరింది. లినక్స్ పంపిణీల్లో ఒకటైన ఉబుంటు 2008 అక్టోబరు నాటి 8.10 వెర్షన్‌లో దాని ఆధారంగానే రహస్య ఫోల్డర్‌ను అందించింది. పేర్లను దాచే సౌకర్యం మాత్రం 2009లో గానీ రాలేదు. వచ్చాక తెలుగువాళ్లకు ఓ చిక్కు తెచ్చింది. స్వేచ్ఛ సంస్థ 2005లోనే లినక్స్‌ను తెలుగు తెరతో విడుదల చేసింది కాబట్టి, తెలుగులో ఫైలు పేరు పెట్టుకోవడం అప్పటికి కొత్త కాదు. గూఢలిపిలోకి మార్చిన పేరు పొడవెక్కుతుంది గనుక, అసలు పేరు 143 బైట్లు దాటకూడదని పరిమితి వచ్చింది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడి సంకేతాలే. అచ్చంపేట చూడ్డానికి నాలుగు అక్షరాలే అయినా 8 సంకేతాలు, 24 బైట్లు. ‘అచ్చంపేట పొలం పట్టాదారు పాసుపుస్తకం నాన్న పేరు మీద 2019’ అని పేరు పెట్టి చివర చుక్కతో పీడీఎఫ్ అని ఇంగ్లిషులో చేరిస్తే 147 బైట్లవుతుంది. పేరు మరీ పొడవుగా ఉందంటూ సేవ్ కాదు. అదే సంగతి ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే హాయిగా ఇమిడిపోతుంది. 2018లో వచ్చిన ఉబుంటు 18.04 ఇన్‌స్టాలర్‌లో ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్‌తో హోమ్ ఫోల్డర్‌ను దాచే వీలు తీసేసి, డిస్క్ మొత్తానికి తాళం వేయడాన్నే ఉంచారు. ల్యాప్‌టాప్ పోతే అది కాపాడుతుంది. అందులోంచి పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసిన ఫైలు మాత్రం మామూలు ఫైలుగానే వెళ్తుంది.

ఎంక్‌ఎఫ్ఎస్ లోపాలను దిద్దుతూ వచ్చిన గోక్రిప్ట్‌ఎఫ్ఎస్‌ను యాకోబ్ ఉంటర్‌వుర్జాకర్ రాశారు. అందులో మరీ పొడవైన పేర్లను విడి ఫైళ్లలో భద్రపరుస్తారు, కాబట్టి తెలుగు పేర్లకు పై చిక్కు లేదు. క్రైఎఫ్ఎస్ మరో అడుగు వేసి అన్నిటినీ ఒకే సైజు ముక్కలుగా కోస్తుంది. ఏ ఫైలు ఎంతో, ఏ ఫోల్డర్‌లో ఏముందో బయటివారికి అంతుపట్టదు. వేగం కొంత తగ్గుతుంది. 2017లో వచ్చిన కేడీఈ ప్లాస్మా వాల్ట్ ఇలాంటి పనిముట్లకు టెర్మినల్ అక్కర్లేని ముఖం ఇచ్చింది. 2020 మార్చిలో లెన్నార్ట్ పోటరింగ్ బృందం లినక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీ 245తో పాటు, హోమ్ ఫోల్డర్‌ను చూసుకునే హోమ్‌డీని తెచ్చింది. ఫైళ్లే కాదు, వాడకందారు ఖాతా వివరాలు కూడా ఒకే లక్స్ కంటెయినర్‌లో ఉంటాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, హోమ్‌డీ ఉన్న మరో కంప్యూటర్‌లో లాగిన్ కావచ్చు. ఊహ గొప్పదే కానీ హోమ్‌డీ నడిచే కంప్యూటర్ జిరాక్స్ షాపులో ఎక్కడ దొరుకుతుంది?

మన దేశంలో 2015 సెప్టెంబరులో ప్రభుత్వం చూపు ఈ తాళాలపై పడింది. గూఢలిపిలో పంపిన సమాచారపు మామూలు ప్రతిని 90 రోజులు దాచి ఉంచాలన్న జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదాపై గగ్గోలు రేగడంతో రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్ మాత్రం అమల్లోనే ఉంది. దాని కింద ఆదేశం అందాక తాళం తీయడానికి సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు.

చట్టం సంగతి అటుంచితే, మనమే తాళం తీశాక జరిగేది ఏ పనిముట్టు చేతిలోనూ లేదు. దాచిన ఫోల్డర్‌లోని ఫొటోల చిన్న బొమ్మలను ఫైల్ మేనేజర్ హోమ్ ఫోల్డర్‌లోని కాష్‌లో దాచుకోవచ్చు. మెమరీ చాలక డిస్క్‌లోని స్వాప్ అనే చోటికి జారిన రాత డిస్క్ మీద మిగలవచ్చు. పరాయి కంప్యూటర్‌లో కొట్టిన పాస్‌వర్డ్‌ను కీ నొక్కులను నమోదు చేసే కీలాగర్ పట్టుకోగలదు. ప్రింటు కావాల్సిన ఒక్క కాగితాన్ని ఇంట్లోనే ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇస్తే షాపులో తాళం తీసే అవసరమే రాదు.