గెలీలియో కొలువు మార్పు

గడువు పెట్టి యిచ్చిన పనిలో నున్నవానికి శాశ్వతోద్యోగము దొరికినదన్న వార్త వచ్చినచో ఆ యింట పండుగయే. తల్లి దేవునికి దీపము పెట్టును. బంధువులు వచ్చి జీతమెంత, పని యెంత, సెలవులెన్ని యని యడుగుదురు. కాని కొలువిచ్చినవాడు కష్టకాలమున మనవైపు నిలువగలవాడా యని యడుగువారు అరుదు. ఆ ప్రశ్నకు తగిన విలువ నీయక స్థిరమైన కొలువును కోరుకొని, తుదకు వృద్ధాప్యమున దాని ఫలము ననుభవించిన యొక మహాపండితుని కథను నేడు మీకు మనవి చేయదలచినాను.

అతడు గెలీలియో. దూరదర్శినితో ఆకాశమును పరికించి, గ్రహముల వృత్తాంతమును లోకమునకు తెలిపినవాడుగా అతనిని మనమందరము ఎరుగుదుము. నేను చెప్పబోవునది నక్షత్రముల కథ కాదు, జీతపు కథ. అయినను ఆ రెండు కథలును ఒకదానితో నొకటి పెనవేసికొనియే యున్నవి.

గెలీలియో 1564 లో ఇటలీ దేశమునందలి పీసా నగరమున జన్మించెను. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. ఆయనకు పేరు గలదు గాని ధనము లేదు. కుమారుని వైద్యుని చేయవలెనని విశ్వవిద్యాలయమునకు పంపగా, అతడు గణితముపై మనసు పెట్టి, 1585 లో పట్టము పొందకయే యింటికి మరలెను. నాలుగేండ్లు విద్యార్థులకు విడిగా పాఠములు చెప్పుకొని కాలము గడపెను. 1589 లో ఆ పీసా విశ్వవిద్యాలయమువారే అతనిని మూడేండ్ల గడువుతో గణితాచార్యునిగా నియమించిరి. జీతము ఏటికి 60 స్కూడీలు. తత్త్వశాస్త్రము బోధించు ఆచార్యులకు ఇంతకు ఎన్నో రెట్లు ముట్టుచుండెను. 1591 లో తండ్రి మరణించెను. జ్యేష్ఠపుత్రుడగుటచే తల్లి పోషణము, తమ్ముని చదువు, ఆ యేడు వివాహమైన చెల్లెలి కట్నపు బాకీ యన్నియు అతని తలపై బడెను. కట్నపు బాకీ యెట్టిదో మన శ్రోతలకు నేను వివరింప నక్కరలేదు.

1592 లో పాడువా విశ్వవిద్యాలయమున అతనికి చోటు దొరికెను. పాడువా వెనిస్ రాజ్యములోనిది. వెనిస్‌నకు రాజు లేడు. ప్రముఖ వంశములవారు సభ గూడి రాజ్యమేలుచుండిరి. వారెన్నుకొన్న యధిపతిని డోజి యనెడివారు. గెలీలియో నియామకపు షరతు వినదగినది. నాలుగేండ్లు నిశ్చయము, ఆపై రెండేండ్లు డోజి యిష్టము. జీతము ఏటికి 180 ఫ్లోరినులు. గడువు తీరినప్పుడెల్ల మరల ప్రయత్నింపవలెను, మిత్రులచే పెద్దల చెవిని వేయింపవలెను. ఇట్లు 1599 లో 320 ఫ్లోరినులును, 1606 లో 520 ఫ్లోరినులును అయ్యెను.

జీతము పెరిగినకొలది ఖర్చును పెరిగెను. 1601 లో రెండవ చెల్లెలి పెండ్లి జరిగెను. ఆ కట్నములో సగము నేనిచ్చెదనని మాట యిచ్చిన తమ్ముడు, పరదేశములలో వాద్యము వాయించుకొనుచు, ఆ మాటను చెల్లింపలేదు. మారీనా గాంబా యను వెనిస్ స్త్రీవలన గెలీలియోకు ఇద్దరు కుమార్తెలును ఒక కుమారుడును గలిగిరి. ఆమెను అతడు వివాహమాడలేదు గాని, బిడ్డల భారమును మాత్రము వహించెను. కావున తన యింటనే విద్యార్థులకు భోజన వసతు లేర్పరచి, వారివద్ద రొక్కము పుచ్చుకొనెను. ధనికుల కుమారులకు కోటలు కట్టు విద్యయు, లెక్కలును విడిగా నేర్పెను. లెక్కలు కట్టుటకు ఉపయోగించు ఒక పరికరమును కల్పించి, దానిని చేయుటకు 1599 లో ఒక పనివానిని యింట నిలిపెను. ఆ పరికరమును అమ్ముటకంటె దాని వాడుకను నేర్పుటవలననే అతనికి లాభము మెండు. పగలెల్ల ఇట్లు పరుల పనికే చెల్లిపోగా, తన పరిశోధనలకు రాత్రిళ్లు మిగులుచుండెను.

ఇట్టి జీవితముతో అతడు విసిగెననుటలో వింత లేదు. కాని ఇచ్చట రెండు సంగతులను మనము గమనింపవలెను. మొదటిది, ఆ తీరికలేని పదునెనిమిదేండ్లలోనే అతని శాస్త్రమునకు పునాది పడెను. క్రింద పడు వస్తువు కాలము గడచినకొలది ఎట్టి లెక్కతో దూరము గడచునో 1604 నాటికే అతడు గ్రహించి, మిత్రుడగు పావొలో సార్పీకి వ్రాసెను. విసరిన వస్తువు ఏ వంపులో పోవునో ఆ కాలముననే తెలిసికొనెను.

రెండవ సంగతి వెనిస్ యొక్క తెగువ. 1606 లో వెనిస్‌నకును పోపునకును అధికార వివాదము ముదిరి, పోపు ఆ రాజ్యమునంతను మతకర్మలనుండి వెలివేసెను. వెనిస్ తలవంచలేదు. ఆ శాసనమును పాటించిన జెసూటు సన్న్యాసులను రాజ్యమునుండి వెడలగొట్టెను. ఆ వివాదమున వెనిస్ పక్షమున వాదించినవాడు పైన చెప్పిన సార్పీయే. అంతకు రెండేండ్ల ముందు, 1604 లో, గెలీలియో యింట వ్రాయసకాడుగా నుండిన యొకడు అతనిపై పాడువాలోని మతవిచారణ సభకు ఫిర్యాదు చేయగా, వెనిస్ ప్రభుత్వము దానిని అక్కడనే అణచివేసెను. వెనిస్ ఎల్లప్పుడును ఇట్లే నిలిచెనని చెప్పుటకు వీలులేదు. 1592 లో అచ్చట పట్టుబడిన తత్త్వవేత్త జోర్డానో బ్రూనోను ఆ ప్రభుత్వమే మరుసటి యేడు రోమునకు అప్పగించెను. 1600 లో అతనిని రోమున సజీవదహనము గావించిరి. అయినను, బ్రూనో ఊరుగాని ఊరివాడు, గెలీలియో ఆ రాజ్యపు ఆచార్యుడు. ఇటలీ మొత్తముమీద రోమునకు ఎదురు చెప్పగల ధైర్యము వెనిస్‌నకున్నంతగా మరి యే రాజ్యమునకును లేకుండెను.

ఇట్లుండగా 1609 వచ్చెను. దూరపు వస్తువులను దగ్గరగా జూపు గొట్టమును హాలెండు దేశమున నెవరో చేసిరన్న వార్త గెలీలియో చెవిని బడెను. అతడు తానే అద్దములు సానబట్టి, అంతకంటె మేలైనదానిని చేసెను. ఆగష్టు నెలలో వెనిస్ పెద్దలను సెంటు మార్కు గంటస్తంభము పైకి గొనిపోయి, సముద్రముమీద వచ్చుచున్న ఓడలను కంటికి ఆనుటకు రెండు గంటల ముందుగానే చూపెను. వర్తకమును, నౌకాబలమును జీవనాధారముగా గల రాజ్యమునకు ఇంతకంటె కానుక యేమి కావలెను? గెలీలియో ఆ యంత్రమును డోజికి సమర్పింపగా, సెనేటు సభ అతని యుద్యోగమును యావజ్జీవము స్థిరపరచి, జీతమును 1000 ఫ్లోరినులకు పెంచెను.

అనగా శాశ్వతోద్యోగము అతనికి వెనిస్‌లోనే లభించినదన్నమాట. కాని తీర్మానమును చదివి చూడగా అందు రెండు మెలికలు కానవచ్చెను. క్రొత్త జీతము వెంటనే రాదు, నడుచుచున్న గడువు తీరిన పిమ్మటనే వచ్చును. మరియు ఇకమీదట ఎన్నడును పెంపు లేదు. పాఠములు చెప్పవలసిన విధి మాత్రము ప్రాణమున్నంతవరకు తప్పదు.

గెలీలియో మనసునందలి యోచనను అతని జాబులే తెలుపుచున్నవి. ప్రజలకు పని చేయనిదే ప్రజాప్రభుత్వము, అదెంత ఉదారమైనదైనను, జీతమీయదు. ఏ పనియు చెప్పక తీరిక నిచ్చి పోషింపగలవాడు ఏకచ్ఛత్రముగా నేలు ప్రభువొక్కడే. ఇది అతని వాదము. ఈ వాదమున తప్పు లేదు. అట్లు నిరంకుశముగా ఈయగలవాడు నిరంకుశముగా చేయి విడువనుగలడన్న రెండవ సగమును మాత్రము అతడు తక్కువగా తూచెను.

అట్టి ప్రభువు సమీపముననే యుండెను. ఫ్లారెన్సు రాజధానిగా గల టస్కనీ దేశమునకు 1609 లో రెండవ కోసిమో మెడిచి ప్రభువయ్యెను. అతడు బాలుడై యున్నప్పుడు గెలీలియో వేసవి సెలవులలో పోయి గణితము నేర్పియుండెను. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహము చుట్టును తిరుగు నాలుగు ఉపగ్రహములను కనుగొని, మార్చిలో ప్రకటించిన గ్రంథమున వానికి మెడిచి వంశపు పేరు పెట్టి, ఆ గ్రంథమును కోసిమోకు అంకితమిచ్చెను. మన కవులు కావ్యములను రాజుల కంకితమిచ్చిరి. ఇతడు ఆకాశమునే అంకితమిచ్చెను.

మే నెలలో టస్కనీ మంత్రి బెలిసారియో వింటాకు వ్రాసిన జాబులో అతడు తన కోరికలను వివరించెను. గ్రంథములను ముగించుకొనుటకు తీరిక కావలెను. బోధనా భారము కూడదు. గణితజ్ఞుడన్న బిరుదుతోబాటు తత్త్వవేత్త యన్న బిరుదమును కావలెను. ఈ తుది కోరిక కేవలము డాబుకొరకు కాదు. ఆ దినములలో గణితజ్ఞుడనగా గ్రహముల రాకపోకలకు లెక్క కట్టువాడు మాత్రమే. సృష్టి నిజముగా నెట్లున్నదో చెప్పు అధికారము తత్త్వవేత్తదిగా నెంచబడుచుండెను. భూమి తిరుగుచున్నదన్నది లెక్క మాత్రమే కాదు, సత్యమని చెప్పదలచినవానికి ఆ బిరుదు అవసరమే.

1610 జూలైలో నియామకమయ్యెను. ఏటికి 1000 స్కూడీలు. వెనిస్ ఇచ్చెదనన్న అంకె అదే, నాణెము మాత్రము వేరు. పీసా విశ్వవిద్యాలయమునందు ప్రధాన గణితజ్ఞుడు, అయినను పాఠము చెప్పనక్కరలేదు, అచ్చట నుండనక్కరలేదు. ప్రభువునకు ఆస్థాన గణితజ్ఞుడును తత్త్వవేత్తయును. సెప్టెంబరులో అతడు పాడువాను విడిచెను. మారీనా గాంబా అచ్చటనే యుండిపోయెను. అంతటి గౌరవము చేసిన యేడాదికే విడిచిపోయినాడని వెనిస్ పెద్దలు నొచ్చుకొనిరి.

ఈ నిర్ణయకాలమున గెలీలియో ఆప్తమిత్రుడగు సాగ్రెడో ఊరలేడు. వెనిస్ ప్రభుత్వపు కాన్సలుగా సిరియా దేశమునందలి అలెప్పో నగరమున నుండెను. 1611 లో తిరిగి వచ్చి, మిత్రుడు వెడలిపోయెనని తెలిసి, ఒక జాబు వ్రాసెను. దాని సారాంశమిది: ఇచ్చట నీకు నీవే యజమానుడవు. ఇట్టి స్వాతంత్ర్యము మరియెచ్చట దొరకును? నేటి నీ ప్రభువు సద్గుణవంతుడే కావచ్చును. కాని రాజాస్థానము అసూయల గాలి వీచు సముద్రము, అందు ఏ కెరటము నిన్ను ముంచునో యెవరెరుగుదురు? జెసూటుల మిత్రులకు పలుకుబడి గల చోట నీవుండుట నాకు మిక్కిలి చింత కలిగించుచున్నది.

జాబు చేరునప్పటికి కాలము మించిపోయెను. కొన్నియేండ్లు అంతయు సవ్యముగనే నడచెను. 1616 లో, భూమి తిరుగుచున్నదన్న మతమును సమర్థింపరాదని రోమున గెలీలియోకు హెచ్చరిక వచ్చెను. 1620 లో సాగ్రెడో మరణించెను. 1621 లో కోసిమో ముప్పది యేండ్ల ప్రాయముననే మరణించెను. అతని కుమారుడు ఫెర్డినాండో పదేండ్ల బాలుడు. తల్లియు నాయనమ్మయు అతని పేర రాజ్యము నడపిరి. కొలువు శాశ్వతమే, కొలువిచ్చినవాడు శాశ్వతుడు కాడు.

1632 లో గెలీలియో భూభ్రమణమునుగూర్చి సంభాషణ రూపమున గొప్ప గ్రంథమును ప్రకటించెను. రోమునుండి పిలుపు వచ్చెను. అప్పటికి ఫెర్డినాండో యువకుడై తానే రాజ్యమేలుచుండెను. అతనికి గెలీలియోపై అభిమానము లేకపోలేదు. పోపునకు ఎదురు చెప్పుటకు మాత్రము శక్తి లేకుండెను. నా యాస్థాన పండితుని పంపనని అనలేకపోయెను. అరువదియెనిమిదేండ్ల రోగిష్ఠి ప్రయాణము చేయుటకు ఒక పల్లకి నిచ్చెను. రోమునందలి టస్కనీ రాయబారి నికొలీని అతనిని తన భవనమున నుంచుకొని కన్నబిడ్డవలె కాపాడెను. ప్రభువు కొలువుకూటము ఖర్చునకు వెనుదీయగా, ఆ భారమును నేనే భరించెదననెను. 1633 జూన్ 22 వ తేదీన గెలీలియో మోకరించి, తాను నమ్మినదానిని తప్పని చదివెను. అటుపిమ్మట 1642 జనవరిలో మరణించువరకును నిర్బంధమునందే, చాలకాలము ఫ్లారెన్సు సమీపమున ఆర్చెత్రీలోని తన యింటనే, గడపెను.

వెనిస్‌లోనే యున్నచో ఈ కష్టము రాకుండెడిదని యెవరును ప్రమాణము చేయజాలరు. బ్రూనో గతిని మనము చూచితిమి. పాఠముల భారముతో ఆ గ్రంథములను ముగింపగలిగెడివాడో లేదో యదియు తెలియదు. గెలీలియో కోరిన తీరిక అతనికి దొరికెను, జీతము దొరికెను, బిరుదు దొరికెను. ఒడంబడికలో వ్రాయుటకు వీలులేనిది, అనగా ఆపదలో అడ్డునిలుచు బలము, అది మాత్రము దొరకలేదు. గడువు కొలువున నున్నప్పుడు అతని వెనుక ఒక రాజ్యముండెను. శాశ్వతమైన కొలువున ఒక మనుష్యుని దయ యుండెను.

వార్ధక్యమున అతడు తన జీవితమును తలచుకొని, పాడువాలో గడచిన పదునెనిమిదేండ్లే తనకు మేలైన కాలమని ఒకరికి వ్రాసెను. అప్పులు, అర్జీలు, ఇంటినిండ విద్యార్థులు గల ఆ యేండ్లే! నిర్బంధమునందుండి వ్రాసి, 1638 లో హాలెండునందలి లైడెన్ నగరమున అచ్చువేయించిన అతని తుదిగ్రంథము వెనిస్ ఓడల కర్మాగారపు ప్రస్తావముతోనే ఆరంభమగును. అందు సంభాషించు ముగ్గురిలో ఒకడు సాగ్రెడో. చనిపోయి పదునెనిమిదేండ్లయిన మిత్రుని అతడు మరల బ్రతికించి, మాటలాడించి, తాను విడిచివచ్చిన ఊరిలో కూర్చుండబెట్టెను.